మిలిటరీ నుంచి కంపెనీకి: ఏది వెంట తెచ్చుకోవాలి, ఏది గేటు బయట వదలాలి

ఆర్మీ ఇంజనీర్ల దళమైన మద్రాస్ సాపర్స్‌లో చేరి, సుబేదారుగా రిటైరై, ఇప్పుడు ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ప్లానింగ్ చూసుకుంటున్నాను. మా జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నుంచే కాకుండా అటు బనగానపల్లె, ఇటు తాడిపత్రి నుంచి కూడా సర్వీసు ముగించుకుని వచ్చిన తమ్ముళ్లు ఫోన్ చేస్తుంటారు. "అన్నా, కంపెనీల్లో మనకు సెక్యూరిటీ పని తప్ప ఇంకేమన్నా ఇస్తారా?" అని అడుగుతారు. ఇస్తారు. మన పాత కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి, ఆర్టీపీపీ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, ఓర్వకల్లు వైపు 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ, దానికి విడిభాగాలు చేసే కంపెనీలు ఉన్నాయి. వీటన్నిటికీ పదిమందిని కూడగట్టి పని పూర్తి చేయించగలవాళ్లు కావాలి. 2022లో అగ్నిపథ్ వచ్చాక నాలుగేళ్ల గడువుతో చేరిన పిల్లల్లో నూటికి 25 మంది వరకే ఆర్మీలో ఉండిపోతారు. మిగతావాళ్లు ఇరవైల్లోనే ఇంటికి వస్తారు. వాళ్ల కోసం కూడా ఇది రాస్తున్నాను.

సెక్యూరిటీ పని తక్కువదని నేను అనను. కానీ పన్నెండేళ్లు బండి ఇంజన్లు విప్పి బిగించిన మెకానిక్ గేటు దగ్గర రిజిస్టరు రాస్తూ కూర్చుంటే నాకు బాధగా ఉంటుంది. మీ ట్రేడు పని దొరికే అవకాశం ఉంటే ముందు దాని కోసమే ప్రయత్నించండి.

కంపెనీలో చేరిన ఫౌజీలు చాలామంది గొంతును వెంట తెచ్చుకుంటారు. గట్టిగా ఒక మాట అంటే పని అయిపోతుందని అనుకుంటారు. ఆర్మీలో మన మాట నెగ్గిందంటే ఆ మాట ముందు మనం చేసిన తయారీ ఉంది, తర్వాత మనం తీసుకున్న జాగ్రత్త ఉంది. రెక్కీ చేశాం (వెళ్లబోయే చోటును ముందే చూసి వచ్చాం), సామాను లెక్క చూశాం, ఎవరెవరు ఏ పనికి సరిపోతారో తెలుసుకున్నాం, పని అయ్యాక మనుషులు తిన్నారా లేదా చూశాం. కంపెనీల్లో కరువు వీటికే. గొంతు పెంచేవాళ్లు అక్కడ ముందే బోలెడుమంది ఉన్నారు.

ముందు కాగితం

హెచ్.ఆర్. వాళ్లకు మన మాటలు తెలియవు. "సెక్షన్ కమాండర్" అని రాస్తే వాళ్లకు ఏమీ అర్థం కాదు. "పదిమంది బృందానికి రోజువారీ పని పంచడం, శిక్షణ ఇవ్వడం, వాళ్ల భద్రతకు, క్రమశిక్షణకు బాధ్యత వహించడం" అని రాస్తే అర్థమవుతుంది. యూనిట్ సామాను చూసే క్వార్టర్ మాస్టర్ స్టోర్లో పనిచేసినవాళ్లు స్టాకు లెడ్జర్లు, ఇండెంట్లు (సామాను కోరే కాగితాలు), స్టాక్ టేకింగ్ బోర్డు (సామాను లెక్క తనిఖీ) అనే మూడు విషయాలూ విడివిడిగా రాయాలి. ఎంటీలో (బండ్ల విభాగంలో) ఉన్నవాళ్లు ఎన్ని బండ్లు, ఎంతమంది డ్రైవర్లు, సర్వీసింగ్ ఎలా ప్లాన్ చేసేవారో రాయాలి. అంకెలు ఉన్న వాక్యం ఒకటి, అంకెలు లేని వాక్యాలు నాలుగింటి కంటే బాగా పనిచేస్తుంది. కానీ ఏ పోస్టులో ఉన్నారు, ఏ ఆపరేషన్‌లో ఉన్నారు అనేవి రెజ్యూమెలో రాయకూడదు, ఇంటర్వ్యూలో చెప్పకూడదు. కంపెనీకి వాటితో పనిలేదు.

ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "ఇంత చిన్న వయసులోనే ఎందుకు వచ్చేశారు?" తప్పు చేస్తే తీసేశారేమో అని వాళ్ల అనుమానం. కోపం తెచ్చుకోవద్దు. ఆర్మీలో ర్యాంకును బట్టి సర్వీసు కాలం ముందే నిర్ణయమై ఉంటుందని, జవాన్లు సివిల్ ఉద్యోగుల కంటే చాలా ముందే రిటైరవుతారని నెమ్మదిగా చెప్పి, డిశ్చార్జి బుక్కులో క్యారెక్టర్ ఏమని రాసి ఉందో చూపించండి.

ఇంకో ప్రశ్న జీతం దగ్గర వస్తుంది. "మీకు పెన్షన్ వస్తుంది కదా, ఇది చాలదా?" అంటారు. నాకూ ఈ మాట ఎదురైంది, ఆ కంపెనీ పేరు అనవసరం. పెన్షన్ నేను ఇదివరకే చేసిన సర్వీసుకు వస్తున్న డబ్బు, ఇక్కడ చేయబోయే పనికి ఇక్కడి రేటు కట్టండి అని చెప్పాను. ఇదే పనికి పక్క మనిషికి ఎంత ఇస్తున్నారో ముందే కనుక్కుని వెళ్లండి. తక్కువకు ఒప్పుకుంటే మీ ఒక్కరికే కాదు, మీ వెనక వచ్చే ఫౌజీలందరికీ అదే రేటు ఖాయమవుతుంది.

మొదటి నెల రెక్కీ

చేరిన మొదటి నెలలో ఏదీ మార్చొద్దు. మార్చాల్సినవి కళ్ల ముందు కనిపిస్తుంటే చేతులు ఊరుకోవు, నాకు తెలుసు. అయినా ఆగండి. కొత్త పోస్టుకు వెళ్లినప్పుడు ముందు నేల చూస్తాం కదా. ఇక్కడా అదే చేయండి.

నేను ఫ్యాక్టరీలో లైమ్‌స్టోన్ క్రషర్ నుంచి ప్యాకింగ్ ప్లాంటు దాకా మూడు షిఫ్టుల్లోనూ నడిచాను. పగలు చూసిన ప్లాంటు వేరు, రాత్రి రెండు గంటలకు చూసిన ప్లాంటు వేరు. ఏ లైట్లు వెలగవు, ఏ మెట్ల దగ్గర సిమెంటు పొడి పేరుకుని జారుతుంది, షిఫ్టు ఇన్‌ఛార్జి లేనప్పుడు పనివాళ్లు ఎవరి మాట వింటారు అనేవి రాత్రిపూటే తెలుస్తాయి. చేత్తో ఒక స్కెచ్ గీసుకున్నాను. ఫైర్ పాయింట్లు, మెయిన్ స్విచ్‌లు, క్రేన్ తిరగగలిగే దారులు, ఎండాకాలంలో మధ్యాహ్నం నీడ ఎక్కడ ఉంటుందో కూడా అందులో పెట్టాను. మా దగ్గర మే నెలలో పై ప్లాట్‌ఫారాల మీద ఇనుము చేత్తో ముట్టలేం. ఏ పని ఏ వేళకు పెట్టుకోవాలో ఆ స్కెచ్ చూస్తేనే తేలుతుంది.

స్టోర్ కీపర్‌తో, క్రేన్ ఆపరేటర్‌తో, పని మొదలుపెట్టడానికి పర్మిట్లు రాసే ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌తో ఈ నెలలోనే పరిచయం పెంచుకోండి. ఆర్గనైజేషన్ చార్టులో వీళ్లు ఎక్కడో అడుగున ఉంటారు, పని ఆగినా సాగినా వీళ్ల దగ్గరే.

మిషన్ల గురించి తెలియకపోతే తెలియదని చెప్పి నేర్చుకోండి. ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా నాయకత్వం గురించి మాట్లాడినప్పుడు వృత్తి జ్ఞానాన్ని, సామర్థ్యాన్నే ముందు చెప్పేవారు. ఎదుటివాడి పని మనకు తెలియకుండా వాడి మీద పెత్తనం చేయలేం. కిల్న్‌లో (పెద్ద కొలిమిలో) సిమెంటుకు ముడిసరుకైన క్లింకర్ తయారవ్వాలంటే 1450 డిగ్రీల దాకా వేడి కావాలి. ఆ వేడి ఒకసారి చల్లారితే మళ్లీ రావడానికి ఎంత బొగ్గు, ఎంత సమయం పడుతుందో తెలిస్తేనే ప్రొడక్షన్ వాళ్లు కిల్న్ ఆపమంటే ఎందుకు అంత గింజుకుంటారో అర్థమవుతుంది. అది అర్థమైతే వాళ్లతో సగం గొడవలు ఉండవు.

ఆర్డరు ఎలా ఇవ్వాలి

మనకు నేర్పించిన వెర్బల్ ఆర్డర్‌లో ఐదు భాగాలు ఉంటాయి. పరిస్థితి ఏమిటి, లక్ష్యం ఏమిటి, ఎలా చేస్తాం, ఏర్పాట్లు ఏమిటి, ఐదోది ఎవరి కింద పని, ఎవరితో ఎలా మాట్లాడాలి అనేది. ఈ ఐదూ కంపెనీలో అచ్చం అలాగే పనికొస్తాయి. నేను చూసిన మంచి చదువుకున్న మేనేజర్లలో కూడా ఇది వరసగా చెప్పేవాళ్లు తక్కువ.

ఒక ఉదాహరణ చెబుతాను. బ్యాగ్ ఫిల్టర్‌లో (దుమ్మును పట్టే సంచుల యంత్రంలో) పాత బ్యాగులు తీసి కొత్తవి వేయాలి. మామూలుగా సాయంత్రం ఎవరో ఒకరు, "రేపు పొద్దున్నే బ్యాగులు మార్చేయండబ్బా" అంటారు. పొద్దున మనుషులు వస్తారు. ఫ్యాన్ కరెంటు ఆపి లాక్ చేయడానికి ఎలక్ట్రీషియన్ రాలేదు. పర్మిట్ మీద సంతకం కాలేదు. స్టోర్లో బ్యాగులు ఉన్నాయి, క్లాంపులు లేవు. పదకొండింటికి పని మొదలవుతుంది, ఎండ నెత్తి మీదికి వస్తుంది, అందరికీ అందరి మీదా విసుగు.

అదే పనిని నేను ముందురోజు సాయంత్రం ఇలా చెబుతాను. పరిస్థితి: బ్యాగులు చిరిగి చిమ్నీలో దుమ్ము కనిపిస్తోంది, రేపు మిల్లు ఆపి మనకు ఎనిమిది గంటలు ఇచ్చారు, పై డెక్ మీద మధ్యాహ్నం ఎండ ఎక్కువ. లక్ష్యం: సాయంత్రం నాలుగుకల్లా బ్యాగులన్నీ మారాలి, మిల్లు అప్పగించాలి, ఒక్కరికీ దెబ్బ తగలకూడదు. పద్ధతి: ఎవరు కేజీలు (బ్యాగుల లోపలి ఇనుప చట్రాలు) లాగాలి, ఎవరు కిందికి దించాలి, ఎవరు కొత్తవి ఎక్కించాలి, ఏ గదితో మొదలుపెట్టాలి. ఏర్పాట్లు: మాస్కులు, హార్నెస్‌లు, పైకి నీళ్ల క్యాన్లు, మధ్యాహ్నం భోజనం రెండు విడతలు, క్లాంపులు ఈ రాత్రికే పైకి చేరాలి. చివరగా, నేను లేనప్పుడు ఎవరి మాట చెల్లుతుంది, వాకీటాకీ ఏ ఛానెల్, ఫ్యాన్ తాళం ఎవరి జేబులో ఉంటుంది.

ఇది చెప్పడానికి పది నిమిషాలు పట్టదు. తయారు చేసుకోవడానికి మాత్రం గంట పైనే పడుతుంది. ఆ గంట మనం పడాల్సిన కష్టం.

చెప్పాక మనవాళ్లు "కోయీ శక్?" (ఏమైనా సందేహమా?) అని అడుగుతారు. ఆర్మీలో "నో సర్" అని అందరూ ఒకేసారి అరుస్తారు. ఫ్యాక్టరీలో అందరూ తలూపుతారు. రెండూ నమ్మదగ్గవి కావు. మన ఇన్‌స్ట్రక్టర్లు నేర్పిన పద్ధతే వాడండి. ప్రశ్న అందరికీ వేయాలి, కాసేపు ఆగాలి, తర్వాత ఒకరి పేరు పిలవాలి. "ఫ్యాన్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది?" అని అడిగి, నాలుగు క్షణాలు ఆగి, వెనక నిలబడ్డ కుర్రాడి పేరు పిలవండి. ముందే పేరు పిలిచి ప్రశ్న వేస్తే మిగతావాళ్లు వినడం మానేస్తారు.

లక్ష్యాన్ని మాత్రం వదలకండి. ఎందుకు చేస్తున్నామో తెలిసిన మనిషి మీరు లేనప్పుడు కూడా సరైన నిర్ణయం తీసుకుంటాడు. ఆర్డరులో లక్ష్యానికి ప్రత్యేకంగా ఒక భాగం ఉన్నది అందుకే.

పెద్ద షట్‌డౌన్ (ప్లాంటు ఆపి చేసే రిపేర్లు) ప్లాన్ చేసేటప్పుడు నాకు బెయిలీ బ్రిడ్జి (ఇనుప ప్యానెళ్లు బిగించి కట్టే వంతెన) డ్రిల్ బాగా పనికొస్తుంది. సాపర్స్‌కు చెప్పక్కర్లేదు. ఒక్కో ప్యానెల్ పది అడుగుల పొడవు, 260 కిలోల దాకా బరువు, ఆరుగురు కలిసి మోయాలి. ప్యానెల్ పార్టీ, బ్రేసింగ్ పార్టీ, డెక్కింగ్ పార్టీ అని ముందే విడిపోతాం. ఒక పార్టీ పని అయ్యే క్షణానికి తర్వాతి పార్టీ చేతిలో సామాను సిద్ధంగా ఉంటుంది, ఒకరి దారిలో ఒకరు అడ్డం రారు. కిల్న్ ఆపినప్పుడు ఇటుకలు మార్చే మేస్త్రీలు, వెల్డర్లు, గేర్‌బాక్సు చూసే మెకానిక్‌లు, ఎలక్ట్రికల్ వాళ్లు అందరూ ఒకే చోట, ఒకే క్రేన్ కోసం కొట్లాడతారు. నేను చేసేది ఆ క్రేన్‌కు గంటగంటకు టైమ్‌టేబుల్ వేసి, సామాను ఏ వరసలో పైకి వెళ్లాలో ఆ వరసలోనే నేల మీద పేర్పించడం. మిగతా ప్లానింగ్ అంతా కంప్యూటర్లో ఇంజనీర్లు నాకంటే బాగా చేస్తారు.

షిఫ్టు అప్పగింత

ఇది చిన్న విషయం అనుకుంటారు, ప్రాణాలు పోయేది ఇక్కడే. మనకు హ్యాండింగ్-టేకింగ్ అంటే రెండు పార్టీలూ సామాను ఎదుట నిలబడి, లిస్టు చదివి, చూసి, సంతకం పెట్టడం. బదులు మనిషి వచ్చి చార్జి తీసుకునేదాకా సెంట్రీ పోస్టు వదలడు. ఫ్యాక్టరీల్లో చాలాచోట్ల నైట్ షిఫ్టువాడు బస్సు పోతుందని పరిగెడుతూ, "అంతా బాగానే ఉందన్నా" అని చేయి ఊపుతాడు.

నేను ఇంతకుముందు చూసిన ఒకచోట, రాత్రి క్లీనింగ్ కోసం కన్వేయర్ తోక దగ్గర గార్డు (రక్షణగా ఉండే ఇనుప మూత) విప్పారు. రిజిస్టరులో రాయలేదు. పొద్దున బెల్టు నడిచింది. పక్కన ఊడుస్తున్న మనిషి మెడలో తువ్వాలు పుల్లీలోకి పోయింది. అవతల ఉన్నవాడు బెల్టును ఆపే పుల్ కార్డు లాగాడు కాబట్టి ఇతను బతికిపోయాడు. తువ్వాలు చిరిగింది, మనిషికి మెడ మీద వాత పడింది.

అప్పట్నుంచి నా కింద ఉన్న చోట అప్పగింత మిషన్ దగ్గరే జరగాలి, ఆఫీసులో కాదు. చెప్పాల్సినవి మూడే: విప్పింది ఏమిటి, తాళం వేసింది ఏమిటి, సగంలో ఆగింది ఏమిటి. ఇద్దరూ సంతకం పెట్టాలి. దీనికోసం మేనేజ్‌మెంట్‌తో పదిహేను నిమిషాల షిఫ్టు ఓవర్‌ల్యాప్ అడిగాను. వారానికి 48 గంటల లెక్క, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలీ అని హెచ్.ఆర్. అభ్యంతరం పెట్టింది. వాళ్ల లెక్క న్యాయమైనదే. అందుకే బస్సు టైమును జరిపించి, టీ టైమును సర్ది ఆ పదిహేను నిమిషాలు సాధించాం. ఇలాంటివి అడిగేటప్పుడు దారి కూడా మీరే వెతికి తీసుకెళ్లండి.

మీ కంటే చిన్న బాసు

మన జేసీవోలకు (సుబేదారు లాంటివాళ్లకు), సీనియర్ ఎన్.సి.వోలకు (హవల్దారు లాంటివాళ్లకు) ఉన్న అన్నిటికంటే పెద్ద విద్య ఇదేనని నా నమ్మకం. దీన్ని రెజ్యూమెలో ఎవరూ రాసుకోరు.

డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ నుంచి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల లెఫ్టినెంట్ వస్తాడు. మనకు అప్పటికి ఇరవై ఏళ్ల సర్వీసు. ఆయన మనకు ఆఫీసరు, మనం ఆయనకు సాబ్. ఆయనకు మనం సెల్యూట్ కొడతాం, ఆయన కూడా మనకు మర్యాద ఇస్తాడు. పుస్తకంలో లేనిది ఆయనకు మనమే నేర్పిస్తాం, అదీ జవాన్ల ముందు ఆయన చిన్నబోకుండా. రెండేళ్లు తిరిగేసరికి ఆయన మంచి ఆఫీసరు అవుతాడు, ప్లాటూన్ కూడా బాగుపడుతుంది. ఈ ఏర్పాటును తరాలుగా నడుపుతున్న సంస్థ ఆర్మీ. కంపెనీలో దీనికి పేరు కూడా లేదు.

అక్కడ ఏం జరుగుతుందంటే, ఇంజనీరింగ్ పూర్తిచేసి ట్రైనీగా వచ్చిన పిల్లవాడికి ముప్ఫై మంది మీద అధికారం ఇస్తారు. పాత ఫోర్‌మన్‌లు కొందరు అతన్ని పట్టించుకోరు, కొందరు కావాలనే పడనిస్తారు. మీరు ఆ రెండూ చేయకండి.

మా దగ్గరికి అనంతపురం జేఎన్‌టీయూలో చదివిన ఒక అబ్బాయి వచ్చాడు. తెలివైనవాడు, కష్టపడతాడు. ఒకరోజు ప్రొడక్షన్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటే టెన్షన్‌లో, ఐసొలేషన్ (కరెంటు ఆపి తాళం వేయడం) అయ్యేలోపే మనుషుల్ని పైకి ఎక్కమన్నాడు. పదిమంది చూస్తున్నారు. నేను, "సార్, ఒక్క నిమిషం స్టోర్ దాకా రండి, ఒక పార్ట్ చూపించాలి" అని పక్కకు తీసుకెళ్లాను. అక్కడ ఒకే ప్రశ్న అడిగాను: "సార్, ఫ్యాన్ తాళం మన దగ్గరికి వచ్చిందా?" ఆ అబ్బాయి ముఖం మారిపోయింది. తనే తిరిగొచ్చి, "తాళం చేతికి వచ్చేదాకా ఎవరూ ఎక్కొద్దు" అని చెప్పాడు. ఆర్డరు అతనిదే. నేను వెనకే నిలబడ్డాను. ఆ తర్వాత ప్రొడక్షన్ వాళ్లకు ఫోన్ చేసి అరగంట అడిగింది మాత్రం నేను, ఎందుకంటే ఆ అబ్బాయి గొంతుకు వాళ్లు అప్పటికింకా అలవాటు పడలేదు.

దీనికి పద్ధతి చెప్పమంటే ఇంతే చెబుతాను. దిద్దాల్సింది ఏదైనా ఉంటే విడిగా, వెంటనే, ప్రశ్న రూపంలో చెప్పండి. మనుషుల ముందు ఆయన నిర్ణయాన్నే నిలబెట్టండి. ప్రాణానికి ముప్పున్న చోట మాత్రం మర్యాదలు పక్కనపెట్టి అందరి ముందే ఆపేయండి. పని బాగా జరిగిన రోజు రిపోర్టులో ఆయన పేరు ముందు రానివ్వండి. "మీరు అనొద్దు సార్, పేరు పెట్టి పిలవండి" అని కొందరు పిల్లలు మొహమాటపడతారు. నేను మాత్రం సార్ అనే పిలుస్తాను. ఆ పిలుపు చుట్టూ ఉన్న ముప్ఫై మందికి అతని స్థానం ఏమిటో చెబుతుంది.

మనుషుల నోట్‌బుక్కు

1932లో డెహ్రాడూన్ అకాడమీ ప్రారంభమైనప్పుడు అప్పటి కమాండర్-ఇన్-చీఫ్ చెట్‌వుడ్ చెప్పిన వరస మన ఆఫీసర్లందరికీ కంఠతా వచ్చు. దేశం ముందు, తర్వాత నీ కింద ఉన్న మనుషులు, ఆఖరున నువ్వు. మనం ఆ మాటలు హాల్లో వినలేదు. కానీ లంగర్‌లో (భోజనశాలలో) జవాన్లు తిన్నాక తిన్న ఆఫీసర్లను చూశాం.

సెక్షన్ కమాండర్‌గా ఉన్నప్పుడు ప్రతి జవాను గురించి రాసుకునే అలవాటు ఉండేది కదా. ఊరు, ఇంట్లో ఎవరెవరు, అప్పు ఉందా, పొలం తగాదా ఉందా. ఆ నోట్‌బుక్కు నేను ఇప్పటికీ రాస్తాను. మా కాంట్రాక్టు మనుషుల్లో చాలామందికి రెండెకరాలో మూడెకరాలో పొలం ఉంది. చెనక్కాయ పీకే రోజుల్లో సెలవు ఇవ్వకపోయినా మానేస్తారు. ముందే అడిగి, రెండు విడతలుగా పంపితే షిఫ్టు నడుస్తుంది. జూన్‌లో పిల్లల ఫీజులు, జాతరలు, ఉరుసు. ఇవన్నీ నా మెయింటెనెన్స్ క్యాలెండర్లో మిషన్ల పక్కనే ఉంటాయి.

ఒక హెల్పర్‌కు పీఎఫ్ డబ్బు రావడం లేదు. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, పీఎఫ్ ఖాతాలో ఇంకోలా ఉంది. కాంట్రాక్టరు ఆఫీసు చుట్టూ తిరిగి అలసిపోయాడు. నేను అతనితో కూర్చుని కాగితాలు సరిచేయించాను, అంతే. తర్వాత ఆ గుంపులో ఏ పనికైనా నా దగ్గర ఇద్దరు ముగ్గురు అదనంగా నిలబడేవాళ్లు. అది చూసుకుని చేయలేదు, కానీ అలా జరుగుతుంది. ఒక హెచ్చరిక: అప్పు మాత్రం ఇవ్వకండి. అప్పు ఇచ్చిన రోజు నుంచి మీరు అతని మీద తీసుకునే ప్రతి నిర్ణయానికీ వేరే అర్థం తీస్తారు.

మన హిందీ ఇక్కడ బంగారం. ఫ్యాక్టరీల్లో బీహారు, ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చిన పనివాళ్లు చాలామంది ఉంటారు. మన స్థానిక సూపర్‌వైజర్లకు హిందీ రాదు, వాళ్లకు తెలుగు రాదు. సైగలతో సేఫ్టీ చెబుతుంటారు. పొద్దున టూల్‌బాక్స్ టాక్ (పనికి ముందు చెప్పే సేఫ్టీ మాటలు) తెలుగులో, హిందీలో రెండుసార్లు చెప్పండి. ఇంటర్వ్యూలోనే ఈ సంగతి చెప్పండి, దాని విలువ వాళ్లకు వెంటనే తెలుస్తుంది.

గేటు బయట వదలాల్సినవి

అరవడం. శిక్ష. ఆర్మీలో జవాను రేపు కూడా మీ ముందే ఉంటాడు, ఇక్కడి మనిషి రేపు పక్క ఫ్యాక్టరీలో ఉంటాడు. అందరి ముందు తిడితే మన సీమలో అది ఇంటిదాకా పోతుంది, అన్నదమ్ములు గేటు దగ్గరికి వస్తారు. "మా ఆర్మీలో అయితే..." అని మొదలయ్యే మాటలు. రోజుకు ఒకసారి అన్నా ఎక్కువే. ఇరవై నాలుగు గంటలూ డ్యూటీ అనే అలవాటు కూడా. మీరు రాత్రి తొమ్మిదిదాకా ఉంటే మీ కింది వాళ్లు లేవలేక కూర్చుంటారు. పని లేనప్పుడు ఇంటికి వెళ్లండి, ఇన్నేళ్లు మీ కోసం ఎదురుచూసినవాళ్లు అక్కడ ఉన్నారు.

పని అయ్యాక

డీబ్రీఫ్ మాత్రం వదలకండి. పని పూర్తయిన రోజే, చెమట ఆరకముందే అందరినీ నిలబెట్టి మాట్లాడించండి. ఏం అనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎక్కడ వచ్చింది. ఎవరిది తప్పు అన్న ప్రశ్న ఆ సమావేశంలో రాకూడదు. వస్తే ఇంకెవరూ నోరు తెరవరు.

అందరికంటే చిన్నవాడు ముందు మాట్లాడాలి. కోర్టు మార్షల్‌లో కూడా సభ్యుల అభిప్రాయం చిన్న ర్యాంకు నుంచే మొదలవుతుంది. పెద్దవాడు ముందు చెబితే మిగతావాళ్లు అదే చెబుతారు కాబట్టి. కంపెనీ మీటింగుల్లో సరిగ్గా దీనికి తిరగేసి జరుగుతుంది, జీ.ఎం. మొదలుపెడతారు.

పైన చెప్పిన బ్యాగ్ ఫిల్టర్ పని ఒకసారి ఆలస్యమైంది. ఇంజనీర్లు బ్యాగుల సైజు తేడా అన్నారు, సప్లయర్‌కు మెయిల్ పెట్టబోయారు. కొత్తగా చేరిన హెల్పర్‌ను ముందు మాట్లాడమన్నాను. "కేజీలు ఒకదాని మింద ఒకటి పడేసినారు సార్. కింద ఉండేటివి వంగిపోయినాయి. వంగినదానికి బ్యాగు యాడ ఎక్కుతాది?" అన్నాడు. పోయి చూస్తే నిజమే. తర్వాతి పనికి యాంగిల్ ముక్కలతో ఒక ర్యాకు వెల్డింగ్ చేయించాం.

సర్వీసులో ఇంకా ఉన్నవాళ్లకు

రిటైరయ్యే సైనికుల కోసం ఉన్న రీసెటిల్‌మెంట్ డైరెక్టరేట్ కోర్సులు రిటైర్మెంటుకు ముందే చేసుకోండి. యూనిట్‌లో పని ఎక్కువగా ఉందని వాయిదా వేసి, ఖాళీ చేతులతో వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. మన ప్రాంతానికి లాజిస్టిక్స్, ఫైర్ అండ్ సేఫ్టీ లాంటివి పనికొస్తాయి. పూర్తిగా సేఫ్టీ వైపు వెళ్లాలంటే ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా అడుగుతారు, దానికి ముందు ఏ చదువు ఉండాలో కనుక్కుని చేరండి. ఎక్సెల్‌లో ఒక టేబుల్ వేయడం, ఇంగ్లీషులో ఐదు వాక్యాల మెయిల్ రాయడం సాధన చేయండి. మన ఆర్డర్‌లోని ఐదు భాగాలనే ఐదు వాక్యాలుగా రాస్తే అదే మంచి మెయిల్ అవుతుంది.

వచ్చాక కడప, కర్నూలు, అనంతపురంలో మీది ఏదైతే ఆ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోండి. డిశ్చార్జి బుక్కు ఒరిజినల్‌తో పాటు జిరాక్స్‌లు తీసుకెళ్లండి, ఒరిజినల్ మాత్రం ఎవరి చేతిలోనూ వదిలి రావొద్దు. కాంట్రాక్టరు అడిగినా సరే.